బేబీమూన్: తొలి బిడ్డ రాకముందే కారులో అరకు టూర్.. ఏ నెలలో వెళ్లాలి, ఎక్కడ ఆగాలి, ఏవి వదిలేయాలి?

పెళ్లయ్యాక హనీమూన్ అందరికీ తెలిసిందే. ఇప్పుడు కొత్తగా పెళ్లయిన ఇళ్లలో వినిపిస్తున్న మాట బేబీమూన్. తొలి బిడ్డ పుట్టకముందే భార్యాభర్తలిద్దరూ కలిసి నాలుగు రోజులు ఎక్కడికైనా వెళ్లి రావడం అన్నమాట. నిజానికి ఈ మాట పుట్టింది వేరే అర్థంతో. కాన్పు అయిన తర్వాత తల్లీ, తండ్రీ, పసిబిడ్డా ముగ్గురే ప్రశాంతంగా గడిపే రోజులకు బ్రిటన్ రచయిత్రి షీలా కిట్జింగర్ ఈ పేరు వాడారు. టూరిజం వ్యాపారం దాన్ని కాన్పుకు ముందుకు జరిపేసింది. ఇప్పుడు రిసార్టుల్లో బేబీమూన్ ప్యాకేజీలు కూడా అమ్ముతున్నారు.

ఇదేదో విదేశీ వేషం అని పెద్దవాళ్లు మొహం చిట్లించొచ్చు. కానీ కడుపుతో ఉన్న స్త్రీకి ఊళ్లు చూడాలనిపించడం కొత్తేమీ కాదు. ఉత్తరకాండలో గర్భవతి అయిన సీతమ్మ కోరింది కూడా అదే కదా, గంగ ఒడ్డున ముని ఆశ్రమాలు చూసి రావాలని. ఆ ప్రయాణం ఎలా ముగిసిందో వేరే చెప్పక్కర్లేదు. అందుకేనేమో, చూలాలి కోరిక తీర్చాలని చెప్పే నోళ్లే గడప దాటొద్దని కూడా చెబుతుంటాయి.

మన దగ్గర ఈ ప్రయాణానికి ఇంకో కారణం కూడా ఉంది. చాలా ఇళ్లలో తొలి కాన్పు పుట్టింట్లోనే. ఐదో నెలలోనో ఏడో నెలలోనో శ్రీమంతం చేసి, గాజులు తొడిగి, అమ్మాయిని తీసుకెళ్లిపోతారు. ఆ తర్వాత భర్త వారాంతాల్లో వచ్చి పోయే చుట్టమే. పురుడు అయ్యాక మూడు నెలలో, ఐదు నెలలో గడిస్తే గానీ తల్లీబిడ్డా తిరిగి రారు. వచ్చేది ఇద్దరు, అప్పటికి ఇల్లు ముగ్గురిది. అంటే భార్యాభర్తలిద్దరే ఉండే రోజులు ఆ శ్రీమంతంతోనే అయిపోతున్నట్టు లెక్క. సెలవుల సంగతి చూసినా అంతే. చట్టం ప్రకారం తొలి కాన్పుకు ఆమెకు 26 వారాల ప్రసూతి సెలవు ఉంటుంది. అందులో కాన్పుకు ముందు వాడుకోగలిగేది 8 వారాలే. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగి అయితే తండ్రికి 15 రోజులు ఇస్తారు. ప్రైవేటు ఉద్యోగి అయితే అలాంటి చట్టమే లేదు, కంపెనీ దయ.

సరే, వెళ్లాలనే అనుకున్నారు. ఎప్పుడు?

డాక్టర్లు ఎక్కువగా చెప్పేది 14వ వారం నుంచి 28వ వారం దాకా. మన లెక్కలో నాలుగో నెల నుంచి ఏడో నెల మొదలయ్యే వరకు. వేవిళ్లు తగ్గుతాయి, కాస్త తిండి సయిస్తుంది, పొట్ట ఇంకా నడకకు అడ్డం రాదు. అందులోనూ 18-20 వారాల మధ్య తీసే టిఫా స్కాన్ అయ్యాక బయల్దేరితే ఇంకా మంచిది. బిడ్డ అవయవాలు ఎలా ఉన్నాయి, మాయ ఎక్కడ ఉంది అన్నది ఆ స్కాన్‌లో తెలుస్తుంది. మాయ గర్భసంచి ముఖద్వారానికి అడ్డంగా ఉన్నా, రక్తస్రావం అవుతున్నా, బీపీ పెరిగినా, గర్భసంచి ముఖద్వారం బలహీనంగా ఉందని కుట్టు వేసినా, నెలలు నిండకుండా నొప్పులు వచ్చే సూచనలున్నా ఈ టూర్ మాటే వద్దు. కవలలైతే డాక్టర్ ప్రత్యేకంగా సరేనంటేనే.

మొదటి మూడు నెలల్లో ఎందుకు వద్దంటారు? ప్రయాణం వల్ల గర్భం పోతుందని కాదు. తొలి నెలల్లో జరిగే గర్భస్రావాల్లో దాదాపు సగానికి కారణం పిండంలోని క్రోమోజోముల లోపాలే. స్పీడ్ బ్రేకర్ మీద కారు ఎగిరితే పోయేది కాదు అది. అయితే జరగరానిది ఏదైనా ఆ వారంలోనే జరిగితే? కారణం ఏదైనా సరే, ‘టూర్‌కి వెళ్లింది కాబట్టే’ అన్న నింద ఆమె మీద పడుతుంది. ఆ మాట ఎప్పటికీ చెరగదు. డాక్టర్లు చెప్పే వేవిళ్లు, నీరసం అనే కారణాలకు ఇది కూడా కలుపుకోవాలి. మన ఇళ్లలో ఇది చిన్న కారణమేమీ కాదు.

సీట్ బెల్ట్ దగ్గరే అసలు తప్పు

కారు ప్రయాణంలో అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే. కానీ మన దగ్గర అన్నిటికంటే ఎక్కువగా తప్పు చేసేదీ ఇక్కడే. ‘బెల్ట్ పెడితే బిడ్డకు నొక్కుకుంటుంది, తీసెయ్ అమ్మా’ అని ఇంట్లో పెద్దవాళ్లు ప్రేమగానే అంటారు. అది ప్రమాదకరమైన ప్రేమ. బిడ్డ చుట్టూ ఉమ్మనీరు ఉంటుంది, గర్భసంచి కండరం ఉంటుంది. సరిగ్గా పెట్టిన బెల్ట్ బిడ్డను నొక్కదు. బెల్ట్ లేకపోతే మాత్రం గట్టి బ్రేక్ పడినప్పుడు తల్లి శరీరం మొత్తం ముందుకు వెళ్లి డ్యాష్‌బోర్డుకో, ముందు సీటుకో పొట్టతోనే కొట్టుకుంటుంది.

పెట్టే పద్ధతి ఇదీ. కింది పట్టీ పొట్ట మీదుగా కాదు, పొట్ట కిందుగా, తుంటి ఎముకల మీద ఆనాలి. పై పట్టీ భుజం మీదుగా రొమ్ముల మధ్య నుంచి వచ్చి పొట్ట పక్కగా దిగాలి. చంక కింద నుంచి తీయకూడదు, వీపు వెనక్కి వేయకూడదు. దిండు పెట్టి దాని మీద బెల్ట్ బిగించడం అస్సలు పనికిరాదు. చీర కుచ్చిళ్లు, దుప్పట్టా బెల్ట్ కింద ఉండలు చుట్టుకోకుండా చూసుకోవాలి. వెనుక సీట్లో కూర్చున్నా బెల్ట్ తప్పనిసరే, లేకపోతే వెయ్యి రూపాయల జరిమానా.

ముందు సీట్లో కూర్చుంటే సీటును వీలైనంత వెనక్కి జరపాలి. ఎయిర్‌బ్యాగ్ ఆపేయకూడదు. ఆమే డ్రైవింగ్ చేస్తుంటే రొమ్ము ఎముకకూ స్టీరింగ్‌కూ మధ్య కనీసం 25 సెంటీమీటర్లు, అంటే సుమారు జానెడు పైచిలుకు దూరం ఉండాలి. పొట్ట పెరిగి ఆ దూరం తగ్గినప్పుడు తాళాలు భర్తకు ఇచ్చేయడమే.

ఇంకోటి. చిన్న గుద్దుడే కదా, బంపర్‌కే కదా అని వదిలేయొద్దు. దెబ్బ పైకి కనిపించకపోయినా గర్భసంచి గోడ నుంచి మాయ విడిపోయే ప్రమాదం ఉంటుంది. అది కొన్ని గంటల తర్వాత బయటపడొచ్చు. అందుకే పొట్టకు ఏ చిన్న అదురు తగిలినా దగ్గర్లోని ఆసుపత్రికి వెళ్లి బిడ్డ గుండె చప్పుడు కొన్ని గంటల పాటు గమనించమని అడగాలి. తల్లి బ్లడ్ గ్రూప్ నెగటివ్ అయితే మరీ ముఖ్యం. 72 గంటల్లోపు యాంటీ-డి ఇంజెక్షన్ అవసరం పడొచ్చు. బ్లడ్ గ్రూప్ ఆమెకు తెలుసు సరే, భర్తకు తెలుసా?

విజయవాడ నుంచి అరకు దాకా.. ఓ జంట లెక్క

విజయవాడలో ఉండే ఓ జంట అనుకోండి. ఆమెకు 22వ వారం. అరకు చూడాలని కోరిక. ఒకే రోజులో పోనిస్తే 16వ నంబర్ జాతీయ రహదారి మీద విశాఖకు దాదాపు 350 కిలోమీటర్లు, అక్కడి నుంచి అరకు మరో 115. బ్యాచిలర్లుగా ఉన్నప్పుడు తెల్లవారుజామున బయల్దేరి చీకటి పడేసరికి ఘాట్ ఎక్కేసే వాళ్లు ఉంటారు. ఇప్పుడు ఆ లెక్క కుదరదు.

గర్భం ఉన్నప్పుడు రక్తం గడ్డకట్టే గుణం పెరుగుతుంది. కాళ్లు కిందికి వేలాడేసి గంటల కొద్దీ కూర్చుంటే పిక్కల్లో గడ్డలు కట్టే ముప్పు ఉంటుంది. అందుకే రెండు గంటలకోసారి కారు ఆపాలి. ఆపి టీ తాగి ఎక్కేయడం కాదు, ఐదు పది నిమిషాలు నడవాలి. కూర్చున్నప్పుడు కూడా పాదాలు పైకీ కిందికీ ఆడిస్తూ ఉండాలి. ఈ లెక్కన మొదటి రోజు రాజమహేంద్రవరం దగ్గర ఆగిపోవడమే ఉత్తమం. ఏలూరు మీదుగా సుమారు 160 కిలోమీటర్లు. సాయంత్రం పుష్కర ఘాట్ దగ్గర గోదావరి గాలి, మర్నాడు పొద్దున్నే హైవే పక్కనే ఉన్న కడియపులంక నర్సరీలు. చదునైన నేల, నీడ, నడక. గర్భిణికి ఇంతకంటే మంచి సైట్ సీయింగ్ ఆ రూటులో మరొకటి లేదు.

అక్కడిదాకా వెళ్లాక పాపికొండల బోటు ఎక్కుదామనిపిస్తుంది. ఈసారికి వద్దు. 2019 సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర జరిగిన బోటు ప్రమాదం గుర్తుంటే భయం సహజమే. ఆ సంగతి పక్కన పెట్టినా, రోజంతా నది మధ్యలో, ఆసుపత్రికి దూరంగా ఉండాల్సిన ప్రయాణం అది.

రెండో రోజు రాజమహేంద్రవరం నుంచి విశాఖ, మరో 190 కిలోమీటర్ల పైమాటే. మధ్యలో అన్నవరం. కడుపుతో ఉన్నప్పుడు కొండ ఎక్కకూడదని, భర్త కూడా ఎక్కకూడదని చాలా కుటుంబాల్లో పట్టింపు ఉంటుంది. మెట్లెక్కి, ఉపవాసం ఉండి, క్యూలో నిలబడే రోజుల్లో పుట్టిన ఆ పట్టింపులో గర్భిణికి విశ్రాంతి ఇచ్చే మేలు కూడా ఉంది. ఇప్పుడు రత్నగిరి పైదాకా కారు వెళ్తుంది. అయినా పట్టింపు ఉన్న ఇంటివాళ్లైతే కింద నుంచే దణ్ణం పెట్టుకుని ముందుకు పోవచ్చు. దీని మీద అత్తగారితో గొడవ పెట్టుకుని బయల్దేరితే, ఆ గొడవ దారి పొడవునా కారులోనే కూర్చుంటుంది.

విశాఖలో ఒక రోజు పూర్తిగా ఆగాలి. ఆర్కే బీచ్‌లో తడి ఇసుక మీద నడక హాయిగానే ఉంటుంది కానీ అలల్లోకి దిగడం వద్దు. కైలాసగిరికి రోడ్డు ఉంది, కారు పైదాకా పోతుంది. కురుసుర సబ్‌మెరైన్ మ్యూజియం మాత్రం బయటి నుంచే చూడాలి. లోపల గది నుంచి గదికి వెళ్లే ద్వారాలు ఇరుకు, వంగి కాలెత్తి దాటాలి. పక్కా చుట్టుకొలత ఉన్నవాళ్లకే ఇబ్బంది, 22 వారాల పొట్టతో ఎందుకు? దాని ఎదురుగా ఉన్న విమాన మ్యూజియం దగ్గర నిలబడి చూసినా సరిపోతుంది. రుషికొండ దగ్గర రాళ్లెక్కి, నేల మీద పారాడే గౌనుతో మెటర్నిటీ ఫొటోషూట్ చేయించుకునే సరదా ఈమధ్య పెరిగింది. పొట్ట పెరిగేకొద్దీ శరీరం బరువు ముందుకు జరుగుతుంది, హార్మోన్ల వల్ల కీళ్లు వదులవుతాయి. నాచు పట్టిన రాయి మీద పాదం నిలవదు. ఇసుకలో తీసినా ఫొటో బాగానే వస్తుంది.

బాత్రూమ్ భయంతో నీళ్లు మానేస్తే

ఇది ఎవరూ టూర్ ప్లాన్‌లో రాయని విషయం. మన ఆడవాళ్లు ప్రయాణం అనగానే చేసే మొదటి పని నీళ్లు తాగడం తగ్గించడం. ఎందుకో అందరికీ తెలుసు. దారిలో శుభ్రమైన టాయిలెట్ దొరకదు. గర్భిణికి మాటిమాటికీ వెళ్లాల్సి వస్తుంది. నీళ్లు మానేస్తే తల తిరుగుతుంది, గర్భసంచి బిగుసుకున్నట్టు అవుతుంది, రక్తం గడ్డకట్టే ముప్పు పెరుగుతుంది. మూత్రం బిగబడితే ఇన్ఫెక్షన్, అది కిడ్నీల దాకా పాకితే నెలలు నిండని కాన్పు దాకా వెళ్లొచ్చు.

కాబట్టి ఎక్కడ ఏం చూడాలన్న జాబితా కంటే ముందు ఎక్కడ టాయిలెట్ ఉంది అన్న జాబితా తయారు చేసుకోవాలి. పని భర్తది. హైవే మీద పెట్రోల్ బంకుల్లో టాయిలెట్, తాగునీరు ఉచితంగా ఇవ్వాలన్నది నిబంధన, పెట్రోల్ కొట్టించుకోకపోయినా సరే. తాళం వేసి ఉంటే అడిగి తీయించుకోవాలి. మొహమాటపడే సమయం కాదు. టిష్యూలు, సబ్బు, ఓ చెంబు వెంట ఉంటే సగం బాధ తీరుతుంది.

ఘాట్ రోడ్డు, బొర్రా గుహలు, కాఫీ

శృంగవరపుకోట దాటాక ఘాట్ మొదలవుతుంది. మలుపుల్లో వాంతులు ఖాయం అనిపిస్తే ముందు సీటు, సగం తెరిచిన అద్దం, దూరంగా చూపు, కడుపులో కొద్దిగా తిండి. ఖాళీ కడుపుతో ఎక్కితే ఇంకా ఎక్కువవుతుంది. వాంతులకు మెడికల్ షాపులో చేతికొచ్చిన మాత్ర కాకుండా బయల్దేరేముందే డాక్టర్ రాసిచ్చింది దగ్గర ఉంచుకోవాలి. పొద్దున పొగమంచు విడిచాక ఎక్కి, చీకటి పడకముందే చేరిపోవాలి. వానాకాలంలో కొండచరియలు విరిగిపడే దారి కాబట్టి ఆ నెలల్లో అసలే వద్దు.

ఎత్తు గురించి భయం అక్కర్లేదు. అరకు సముద్రమట్టానికి వెయ్యి మీటర్ల లోపే. ఆ దారిలోని శిమిలిగుడ రైల్వే స్టేషన్ ఎత్తు 996 మీటర్లు. ఆరోగ్యంగా ఉన్న గర్భిణికి ఆ గాలి ఇబ్బంది పెట్టదు. మలుపులంటేనే భయమైతే కారును విశాఖలో వదిలి కిరండూల్ రైలు ఎక్కేయొచ్చు. సొరంగాల మధ్య నుంచి లోయ కనిపిస్తుంది, లేచి నడవొచ్చు, బోగీలోనే టాయిలెట్. కారు టూరే కావాలని పట్టుబట్టకపోతే ఇదే మెరుగైన దారి.

అరకు అనగానే బొర్రా గుహలు. సుమారు 80 మీటర్ల లోతు, దిగడానికి మెట్లు, లోపల తేమ, జారే నేల. దిగడం తేలికే, ఎక్కడమే కష్టం. డాక్టర్ వద్దనకపోయినా, మొదటి కొన్ని మెట్ల దగ్గర నిలబడి చూసి వెనక్కి రావడం మేలు. గుహ ఎక్కడికీ పోదు, పదేళ్ల తర్వాత పిల్లనో పిల్లాడినో వెంటబెట్టుకుని దిగొచ్చు. కటికి జలపాతానికి జీపులో వెళ్లే రాళ్ల దారి, వంజంగి మేఘాల కోసం చీకట్లో కొండెక్కడం కూడా ఈసారి జాబితాలోంచి కొట్టేయాలి. చాపరాయి బండల మీద జారుడు. మిగిలినవి తక్కువేం కాదు. రోడ్డు పక్కనే గాలికొండ వ్యూ పాయింట్, పద్మాపురం తోటలు, గిరిజన మ్యూజియం.

అరకు వెళ్లి కాఫీ తాగకుండా ఉంటారా? తాగొచ్చు. రోజుకు 200 మిల్లీగ్రాముల కెఫీన్ లోపు ఉంటే ఫర్వాలేదని గైనకాలజిస్టులు అంటారు. రెండు చిన్న కప్పులతో ఆపేయాలి. టీ, కూల్‌డ్రింక్, చాక్లెట్ కూడా ఆ లెక్కలోకే వస్తాయి. వెదురు బొంగులో చికెన్ బాగా ఉడికితే తినొచ్చు, లోపల ఎర్రగా ఉంటే పక్కన పెట్టాలి. కోసి పెట్టిన పండ్లు, పానీపూరీ వద్దు.

ఏజెన్సీలో దోమల సంగతి తేలిగ్గా తీసుకోకూడదు. ఇది మలేరియా ఉన్న ప్రాంతం. గర్భిణికి మలేరియా వస్తే రక్తహీనత, గర్భస్రావం, తక్కువ బరువుతో బిడ్డ పుట్టడం దాకా వెళ్తుంది. సాయంత్రం అయ్యాక నిండు చేతుల బట్టలు, ఒంటికి దోమల క్రీమ్, రాత్రి దోమతెర. రిసార్ట్ గదిలో పూల అలంకరణ, కొవ్వొత్తుల డిన్నర్ కంటే కిటికీకి మెష్ ఉందా, గది గ్రౌండ్ ఫ్లోర్‌లోనే ఉందా, టాయిలెట్ వెస్ట్రన్‌దేనా అని అడగడం ముఖ్యం. వేడి నీళ్ల జకూజీ ఉందని చెబితే అది భర్తకే.

రాత్రి రెండింటికి ఏదైనా అయితే

అరకులో ఏరియా ఆసుపత్రి ఉంది. పెద్ద సమస్య అయితే విశాఖ కేజీహెచ్‌కే తీసుకెళ్లాలి, మూడు గంటల పైన దారి, అదీ ఘాట్ దిగి. ఈ దూరం టూరిస్టుకు నాలుగు రోజుల మాటే. అదే అల్లూరి సీతారామరాజు జిల్లాలో రోడ్డు లేని గూడేల నుంచి నిండు గర్భిణులను డోలీ కట్టి, వాగులు దాటించి మెయిన్ రోడ్డు దాకా మోసుకొచ్చే వార్తలు ఇప్పటికీ వస్తూనే ఉన్నాయి. కాన్పు తేదీకి ముందే గర్భిణులను తెచ్చి ఉంచే వసతి గృహాలు ఏజెన్సీలో నడుస్తున్నది అందుకే. వ్యూ పాయింట్ దగ్గర కారు ఆపినప్పుడు ఎదురుగా కనిపించే కొండల్లో ఆ గూడేలు కూడా ఉన్నాయి.

కాబట్టి సూచనలు కనిపించిన వెంటనే కదలాలి, తెల్లారనిద్దాం అనుకోకూడదు. రక్తం కనిపించినా, ఉమ్మనీరు పోతున్నట్టు అనిపించినా, పొట్ట లయగా గట్టిపడి వదులుతున్నా, తట్టుకోలేని తలనొప్పితో చూపు మసకబారినా, మొహం ఉబ్బినా, ఒక కాలి పిక్క మాత్రమే వాచి నొప్పిగా ఉన్నా, ఆయాసం వచ్చినా 108కి ఫోన్ చేయాలి. ఘాట్‌లో సిగ్నల్ అన్నిచోట్లా ఉండదు. సిగ్నల్ ఉన్నచోటి నుంచే కిలోమీటరు రాయి మీద ఉన్న ఊరు పేరు, దూరం చదివి చెప్పాలి. తల్లీబిడ్డల కార్డు, స్కాన్ రిపోర్టులు, బీపీ రీడింగులు, బ్లడ్ గ్రూప్ ఒక ఫైల్‌లో పెట్టి కారు ముందు అరలోనే ఉంచాలి. డిక్కీలో సూట్‌కేసు అడుగున కాదు. ఫోన్‌లో ఫొటోలు తీసి పెట్టుకుంటే ఇంకా మంచిది. ఐరన్, ఫోలిక్ యాసిడ్ మాత్రలు టూర్ పేరుతో మానకూడదు.

తిరుగు ప్రయాణానికీ అదే లెక్క. చాలామంది వెళ్లేటప్పుడు జాగ్రత్తగా రెండు మూడు చోట్ల ఆగి, వచ్చేటప్పుడు సోమవారం ఆఫీసుందని ఒక్క దమ్మున లాగించేస్తారు. నాలుగు రోజుల అలసట ఒంట్లో ఉండేది అప్పుడే, కాళ్లు వాచేదీ అప్పుడే. ఒక రోజు సెలవు ఎక్కువ పెట్టి విశాఖలోనో రాజమహేంద్రవరంలోనో రాత్రి ఆగి రావాలి. అనకాపల్లి బెల్లం, ఆత్రేయపురం పూతరేకులు కొనుక్కోవచ్చు, షుగర్ టెస్ట్ ఇంకా చేయించుకోలేదంటే ఇంటికొచ్చి చుట్టాలకు పంచేయడమే. ఆ పరీక్ష సాధారణంగా 24-28 వారాల మధ్య చేస్తారు. కడియంలో గులాబీ మొక్క కొంటే దాన్ని వెనక కాళ్ల దగ్గర నిలబెట్టి కట్టాలి. ఒళ్లో పెట్టుకుని కూర్చుంటే బెల్ట్ సరిగ్గా ఆనదు.